గుంత పక్కన గంటసేపు

ఎడమ బొటనవేలి గోరు కింద మట్టి రెండో విడత సబ్బుకి కూడా లొంగలేదు. పెరటి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, పళ్ళకి పనికిరాకుండా పోయిన పాత బ్రష్షుతో గుంతలాయన దాన్ని తోముతూనే ఉన్నాడు.

“ఆ వేలిని వదిలెయ్యండి పాపం. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసుంది దానికి. మీకంటే ముందు అదే రిటైరయ్యేలా ఉంది,” అంది ఇల్లాలు వంటింటి కిటికీలోంచి.

ఆయన నవ్వలేదు. నెల రోజులుగా నవ్వడం మానేశాడు. అంతకుముందు తెగ నవ్వేవాడని కాదు. ఆవిడ ఏదైనా అంటే ముక్కుతో చిన్న చప్పుడు చేసేవాడు, సంసారం దాంతోనే సాగిపోయేది. ఇప్పుడు ఆ చప్పుడు కూడా లేదు.

సన్నటి మనిషి. కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి ఉంటుంది. మట్టి తీసే బర్మాని ఇన్నేళ్ళూ కుడివైపుకే తిప్పుతూ వచ్చినందుకు ఒంట్లో మిగిలిన గుర్తు అది. ఆయన చొక్కాలు ఇల్లాలే కుడుతుంది కనుక, కుడి భుజం దగ్గర ఒక మడత ఎక్కువ పెట్టి సర్దేస్తుంది. బయటివాళ్ళకి తెలియదు. దర్జీలు మాత్రం దారిలో ఆగి మరీ చూస్తారు.

నేల సంరక్షణ కార్యాలయం కాగితాల్లో ఆయన క్షేత్ర సహాయకుడు. ఆ మాట ఇంతవరకు ఎవరూ నోటితో పలకలేదు. పని ఏమిటంటే, ఆఫీసరు చూపించిన చోట బర్మా దింపాలి. అది మనిషి నడుమెత్తు ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి, కింద మర. నాలుగు తిప్పులకి జానెడు మట్టి పైకొస్తుంది. వచ్చిన మట్టిని వచ్చిన వరసలోనే చెక్క మీద పేర్చాలి. ఆఫీసరు దాన్ని చూసి ఏదో రాసుకుంటాడు. తర్వాత గుంత పూడ్చెయ్యాలి. కూతురు మూడో తరగతిలో ఉండగా ‘మా నాన్న’ అనే వ్యాసంలో, “మా నాన్న గుంతలు తవ్వుతారు, మళ్ళీ పూడుస్తారు” అని రాసింది. టీచరు ఎర్ర సిరాతో, “మధ్యలో ఏం చేస్తారు?” అని అడిగింది. కూతురు అదే ప్రశ్న ఇంటికి తెచ్చింది. ఆయన సాయంత్రమంతా ఆలోచించి, “మధ్యలో సంతకం పెడతానమ్మా,” అన్నాడు.

అది నిజమే. ప్రతి తనిఖీ కాగితానికీ అడుగున సాక్షి అని ఒక గడి ఉంటుంది. అందులో ఆయన పేరు పడందే కాగితం చెల్లదు. పైన ఏం రాశారో ఆయన ఎప్పుడూ చదవలేదు. చదవాలని ఎవరూ చెప్పలేదు. పెళ్ళి పత్రిక మీద ముద్రాపకుడి పేరు ఉన్నట్టే, తన పేరూ ఉందనుకున్నాడు.

కార్యాలయం వారి నిబంధనల పుస్తకం నూట నలభై పేజీలు. ఇల్లాలు ఒక మధ్యాహ్నం దాన్ని తిరగేసి రెండు ముక్కల్లో తేల్చేసింది. వాలు నేలని విప్పి వదలకూడదు. తడి నేలని పనిగట్టుకుని ఆరబెట్టకూడదు. చంటిపిల్లల విషయంలో మాత్రం రెండోదాన్ని తిరగేసి చదువుకోవాలి, అంతే. వాలులో అడ్డంగా గడ్డి పట్టీలు వదలకుండా దున్నినవాడికీ, చిత్తడి నేలకి కాలవ కొట్టి నీళ్ళు తోడేసి పైరు వేసినవాడికీ, విత్తనం దగ్గర్నుంచి బీమా దాకా సర్కారు సాయం ఆగిపోతుంది. కనుక ఏ నేల తడి, ఏ నేల పొడి అని తేల్చే ఆ ఒక్క కాగితం కోసం పెద్దపెద్దవాళ్ళు చిన్న ఆఫీసుకి వచ్చి, విరిగిన బెంచీ మీద ఎంతో వినయంగా కూర్చుంటారు.

నెల కిందట అలా వచ్చి కూర్చున్నవాడు తోటలాయన. కొండవాలు మీద ఆయనకి మూడు తోటలున్నాయి. వాలు దిగాక, పల్లంలో, ఎకరన్నర చిత్తడి ఉంది. వానాకాలంలో అక్కడ మోకాలిలోతు దిగబడుతుంది. వేసవిలో పైన పెచ్చుకట్టి, అమాయకంగా పగుళ్ళు చూపిస్తుంది. ఎండలు ముదిరాకే తనిఖీ పెట్టించుకోవాలని తోటలాయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు.

నేల ఎంత ఎండినా, లోపలి మట్టి తను నానిన సంగతి మర్చిపోదు. నీళ్ళలో నిలవున్న మట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. మొక్కల వేళ్ళ వెంబడి గాలి తగిలిన చోట తుప్పు చారలు పడతాయి. దాన్ని పట్టుకోవడానికే ఆఫీసులో రంగుల పుస్తకం ఉంది. పేజీ నిండా చిన్న చిన్న రంగు గళ్ళు, గడి పక్కన చిల్లు. చిల్లు కింద మట్టి పెట్టి, ఏ గడితో కలుస్తుందో చూడాలి. బూడిదరంగు గడికీ గోధుమరంగు గడికీ తేడా కందిపోయిన బుగ్గకీ సిగ్గుపడ్డ బుగ్గకీ ఉన్నంత. చూసే కన్ను శుభ్రంగా ఉండాలి.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. చిన్నవాడు, చదువుకున్నవాడు, గుంతలాయనని పెద్దాయనా అని పిలుస్తాడు. ఆయన కొత్త కళ్ళద్దాలదే తప్పంతా. ఎండలోకి వెళ్తే వాటంతటవే ముదురు గోధుమరంగుకి తిరుగుతాయి, నీడలోకి వచ్చాక తీరిగ్గా తేటపడతాయి. వాటిలోంచి చూస్తే పక్కపక్కనున్న రెండు గళ్ళూ కవలపిల్లలే. ఏదో ఒకదాని మీద వేలు పెట్టాలి కనుక ఆయన గోధుమరంగు మీద పెట్టాడు. ‘పొడి నేల’ అని రాశాడు. గుంతలాయన గుంత పూడ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, సాక్షి గడిలో సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం ఎండలోంచి ఆఫీసులో అడుగుపెడుతూనే ఆఫీసరు, “గోడలకి ఈ మట్టిరంగు వెయ్యమని ఎవరు చెప్పారు?” అని అడిగాడు.

“తెల్ల సున్నమే సార్. మొన్ననేగా వేశారు,” అంది టైపు మేడమ్.

రెండు నిమిషాలాగి, “అవును, తెలుపే,” అన్నాడాయన. అందరూ నవ్వారు. గుంతలాయన మాత్రం తన వేలి గోరు కేసి చూసుకున్నాడు. గోరు కింద మట్టి బూడిదరంగులో ఉంది.

ఆ నెలలోనే తోటలాయన వాలంతా పైనుంచి కిందికి నిలువునా దున్నించాడు. రెండు అకాలపు వానలు పడ్డాయి. దున్నిన మట్టి కాళ్ళొచ్చినట్టు దిగి, దిగువావిడ కూరగాయల మళ్ళ మీద పడుకుంది. చిత్తడికి కాలవ కొట్టడానికి యంత్రం కూడా మాట్లాడేశారని తెలిసి, ఆవిడ ఫిర్యాదు రాసింది. అందుకే ఇవాళ మళ్ళీ తనిఖీ.

“ఏమండీ,” అంది ఇల్లాలు, భోజనం డబ్బా మూత నొక్కుతూ. “నెల రోజులుగా నిద్దట్లో బూడిద, బూడిద అంటున్నారు. ఆవిడెవరో చెప్పేస్తే నేనే వెళ్ళి మాట్లాడతాను.”

“ఆవిడ కాదు. మట్టి.”

“తెలుసులెండి. గోడల సంగతి మీ టైపు మేడమ్ చెప్పింది.”

ఆయన తలెత్తాడు. కొనసాగింపు జాబితా ఈ సాయంత్రమే పైకి వెళ్తుందని ఇద్దరికీ తెలుసు. ఆయనది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికోసారి ఆయన పేరుకెదురుగా ఆఫీసరు ఒక టిక్కు పెట్టాలి. ఇప్పటిదాకా ముప్పై పడ్డాయి. టిక్కు పడనివాడు మర్నాటి నుంచి రానక్కర్లేదు.

“నా వల్ల కాదే. ముప్పై ఒక్కేళ్ళలో నేను ఆఫీసర్లతో అన్న మాట ఒక్కటే. ‘ఇంకో జానెడు దింపనా సార్’ అని.”

“అదే అనండి. కాస్త గట్టిగా అనండి,” అంది ఆవిడ. “లేదూ, చెప్పనంటారా, కనీసం నిద్దట్లో గురకన్నా సరిగ్గా పెట్టండి. సగం మాటలతో నేను చస్తున్నాను.”

పొలం చేరేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. తోటలాయన ముందే వచ్చి, పనివాళ్ళ చేత గొడుగు పాతించాడు. గట్టు మీద దిగువావిడ నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చేతిలో పార పట్టుకుని, ఫొటోకి నిలబడ్డట్టుగా.

“ఏమ్మా, ఏదో గొడవ చేస్తున్నావట,” అన్నాడు తోటలాయన.

“గొడవెందుకన్నా! మీ నేల నా చేలోకి వచ్చి పడుకుంది. మీదే కదా, లేపి తీసుకెళ్ళండి. పరాయి సొమ్ము నేనుంచుకోను.”

ఆఫీసరు దగ్గి, పల్లం మధ్యన ఒకచోట చూపించాడు. గుంతలాయన బర్మా దింపాడు. పైనున్న పెచ్చు అప్పడంలా విరిగింది. కింద మర మెత్తగా దిగింది, వెన్నలోకి చెంచాలా కాదు గాని, వద్దనని చోట దిగినట్టు. ఒక జానెడు, రెండు జానలు, మూడు. తీసిన మట్టిని చెక్క మీద వరసగా పేర్చాడు. బూడిదరంగు. మధ్యమధ్య సన్నటి వేళ్ళ వెంట తుప్పు చారలు, ఎవరో కుంకుమలో ముంచిన దారం పరిచినట్టు.

ఆఫీసరు వంగి, చిల్లు కింద మట్టి పెట్టి, పోయినసారి పెట్టిన చోటే వేలు పెట్టాడు. కళ్ళద్దాలు అప్పటికే కాఫీ డికాషన్‌లా ఉన్నాయి.

“అదే. గోధుమ రంగు.”

గుంతలాయన నోరు తెరిచాడు. ఇంకో జానెడు దింపనా అనే వస్తుందని తనే అనుకున్నాడు.

“సార్, కళ్ళద్దాలు తీసి చూడండి.”



“తీస్తే నాకు పేజీయే కనపడదు పెద్దాయనా.”

“కనపడదు సార్. అవి పెట్టుకుంటే మట్టి కనపడదు.”

తోటలాయన నవ్వాడు. “ఏం సార్, గుంతలు తవ్వేవాళ్ళు కూడా కళ్ళ డాక్టర్లయిపోయారా?”

“నా కళ్ళు బాగానే ఉన్నాయి, నేను చూస్తాను,” అంది గట్టు మీది నుంచి దిగువావిడ. “బూడిదే. మా ఇంటి పొయ్యిలో ఉన్నంత బూడిద.”

“నువ్వు ఫిర్యాదుదారువి, నువ్వు చూడకూడదు,” అన్నాడు ఆఫీసరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నలుగురి ముందు మనిషి తప్పు ఒప్పుకోవాలంటే చెవులే ముందు బయటపడతాయి, నోటికి చాలాసేపు పడుతుంది. “రంగు మీద నా మాటే ఖాయం. కాగితం ఇలా ఇవ్వు.”

“రంగు మీద పేచీ ఉంటే గుంతని గంటసేపు తెరిచి ఉంచాలండి. నీరూరుతుందేమో చూసి రాయాలి. పుస్తకంలో ఉంది,” అన్నాడు గుంతలాయన. ఏ పేజీలో ఉందో కూడా చెప్పాడు. నెల రోజులుగా నిద్ర లేనివాడికి చదువుకోవడానికి తీరిక ఉంటుంది.

ఆ నిబంధన ఉన్నట్టు ఆఫీసరుకీ తెలుసు. పాత ఆఫీసర్లు సిగరెట్టు కాల్చడం అయ్యేదాకా ఆగేవారు. సిగరెట్లు మానేసిన ఆఫీసర్లు వచ్చాక అదీ పోయింది.

“ఈ ఎండలో గంటసేపా? ఎవరుంటారు?”

“నేనుంటాను సార్. మీరూ ఉండాలి. అదీ పుస్తకంలోనే ఉంది.”

ఆఫీసరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు. “సాయంత్రం జాబితా పంపాలి. గుర్తుందిగా పెద్దాయనా?”

“గుర్తుంది సార్. ఇది అయ్యాకనే పంపుదురు గాని.”

ఆ మాట బయటికొచ్చాక ఆయన మోకాళ్ళలో వణుకు మొదలైంది. నిలబడలేక గుంత పక్కనే నేల మీద కూలబడ్డాడు. చూసేవాళ్ళకి మాత్రం భీష్మించుకు కూర్చున్నట్టే కనిపించింది. ఒక్కోసారి ధైర్యం చూసేవాళ్ళ కళ్ళలో ముందు పుడుతుంది.

తోటలాయన చేసేది లేక పనివాళ్ళకి కేకేశాడు. వాళ్ళు తోటలోంచి ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, గొడుగు నీడలో, గుంతకి రెండు బారల దూరంలో వేశారు. ఆఫీసరు కూర్చుని ఫోను తీశాడు.

గంటసేపంటే ఎంతో గుంతలాయనకి ఎప్పుడూ తెలియలేదు. జీవితమంతా తవ్వడం, పూడ్చడం, మధ్యలో పరుగు. తవ్విన గుంత పక్కన ఇలా తీరిగ్గా కూర్చోవడం ఇదే మొదటిసారి. లోపలికి తొంగిచూశాడు. చల్లటి వాసన వచ్చింది, చాలాకాలం మూసి ఉన్న గదిలో తడిబట్ట ఆరేసినట్టు. గోడల మీద తెగిన వేళ్ళు తెల్లగా ఉన్నాయి. ఇన్ని వేల గుంతల్లోనూ ఇలాగే ఏదో ఉండి ఉంటుంది. చూడకుండానే పూడ్చేశాడు.

పావుగంటకి గుంత అడుగు మెరిసింది.

అరగంటకి ఆఫీసరు ఫోనులోంచి తలెత్తి కాస్త సర్దుకుని కూర్చున్నాడు. ఇందాకటికంటే మోకాళ్ళు గడ్డానికి దగ్గరగా వచ్చాయి. ఎందుకో అర్థం కాక ఇటొకసారి, అటొకసారి కదిలాడు. కదిలినకొద్దీ పెచ్చు కింద ఏదో నెమ్మదిగా నిట్టూర్చింది. కుర్చీ వెనకకాళ్ళు నాలుగు వేళ్ళ మేర కనిపించకుండా పోవడం గుంతలాయన చూశాడు. తోటలాయనా చూశాడు. దిగువావిడ గట్టు మీద నుంచే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ఒక ప్రభుత్వోద్యోగి పొడి నేలలో మునిగిపోతుంటే ఏమనాలో ఏ పుస్తకంలోనూ లేదు.

గంట అయ్యేసరికి గుంతలో రెండు వేళ్ళ ఎత్తు నీరు నిలిచింది. అందులో గొడుగు అంచు కనిపించింది.

“రాత్రి మావాళ్ళు పైపు కట్టెయ్యడం మర్చిపోయుంటారు,” అన్నాడు తోటలాయన.

“ఈ పల్లంలో పైపెక్కడుంది అన్నా?”

“లేకపోతే మొన్నటి వాన నీళ్ళయ్యుంటాయి.”

“పైపా, వానా? ఒకటి ఖాయం చేసుకోండి, అది రాసుకుంటారు,” అంది దిగువావిడ.

ఆఫీసరు లేవబోయాడు. మొదటిసారి లేవలేకపోయాడు. రెండోసారి గొడుగు కర్ర పట్టుకుని లేచాడు. గుంత కేసి చూడకుండా, కాగితం జీపు మూతి మీద పెట్టుకుని గబగబా రాశాడు. గుంతలాయనకి అందించాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన పైన ఏముందో చదివాడు. చదవడానికి చాలాసేపే పట్టింది, కళ్ళు బాగాలేక కాదు. ‘రంగు: గోధుమ. నీటి ఊట: నామమాత్రం. నేల: పొడి.’

“సంతకం పెట్టు పెద్దాయనా, ఎండ మాడుస్తోంది.”

గుంతలాయన కాగితాన్ని జీపు మీదే పరిచి, బర్మా తిప్పే చేత్తో, బర్మా తిప్పినంత బలంగా రాశాడు. సాక్షి గడి చాలలేదు. అక్షరాలు అంచు దాటి, ఆఫీసు ముద్ర వెయ్యాల్సిన చోటుకి పాకాయి. *పోయిన నెల నేను చూడకుండా సంతకం పెట్టాను, అది తప్పు. ఇవాళ చూశాను. మట్టి బూడిదరంగు, తుప్పు చారలున్నాయి. గంటలో రెండు వేళ్ళ నీరు ఊరింది. ఇది తడి నేల.* కింద తన పేరూ, ఇంటిపేరూ, తండ్రి పేరూ పూర్తిగా రాశాడు, పొరపాటున కూడా ఎవరూ మరొకడనుకోకుండా.

“ఇది చింపేసి ఇంకోటి రాయండి సార్,” అన్నాడు తోటలాయన.

“నంబరున్న కాగితం. చింపితే నా ఉద్యోగం పోతుంది,” అన్నాడు ఆఫీసరు. కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచి చేతిలోనే ఉంచుకుని, కళ్ళు చికిలించి, చెక్క మీద మట్టికేసి ఒకసారి చూశాడు.  “మా ఆవిడ కొనిపెట్టింది ఇవి,” అన్నాడు, అడగకుండానే.

“బాగున్నాయి సార్. నీడలో పెట్టుకోండి,” అన్నాడు గుంతలాయన.

 ఆఫీసులో ఆయన బర్మా కడిగి, నూనె రాసి, గోడకి ఆనించాడు. గోడలు తెల్లగానే ఉన్నాయి. అయిదు గంటలకి ఆఫీసరు వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. టైపు మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, జాబితా నకలు మీద వేలితో రెండుసార్లు పైకీ కిందికీ వెతికి, వేలు ఒకచోట ఆపేసింది.

“బాబాయ్...” అంది.

“పడలేదా?”

ఆవిడ తల అడ్డంగా ఊపింది. వెంటనే రిజిస్టరు ఇటు తిప్పి చూపించింది. “కానీ మీ కాగితం కూడా పైకి పంపారు. రిజిస్టరులో నంబరు నేనే వెయ్యాల్సి వచ్చింది. రెండూ ఒకే కవరులో వెళ్ళాయి.”

గుంతలాయన ఆ వరస చదివాడు. ఇవాళ ఆయన చదివిన రెండో కాగితం అది. “అంటించావా గట్టిగా?” అని అడిగాడు.

“రెండుసార్లు అంటించాను బాబాయ్.”

చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని ఆయన నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు. ఇల్లాలు గుమ్మంలోనే ఉంది. మొహం కేసి చూసింది. డబ్బా అందుకుని ఊపి చూసింది, తినకుండా తెచ్చాడని అర్థమైంది.

“పొద్దున్నే ఎన్నింటికి లేపను?”

“లేపకు.”

“అమ్మయ్య! ముప్పై ఒక్కేళ్ళకి నాక్కూడా ఒక సెలవు దొరికింది,” అంది ఆవిడ. ఆయన ముక్కుతో చిన్న చప్పుడు చేశాడు.

పదిహేను రోజులకి పైనుంచి ముగ్గురు వచ్చి, సొంత బర్మాతో తవ్వుకుని, తడి అని రాసుకుని వెళ్ళారు. కాలవ తవ్వే యంత్రం వచ్చినదారినే పోయింది. వాలు మీద అడ్డంగా గడ్డి పట్టీలు వెయ్యక తోటలాయనకి తప్పలేదు. వాటి గింజలు దిగువావిడ దగ్గరే కొన్నాడు, బేరమాడకుండా. పల్లంలో మళ్ళీ నీళ్ళు చేరడం మొదలైంది. తోటలాయన పనివాళ్ళు రెండుసార్లు వచ్చి కుర్చీని ఇద్దరిద్దరుగా పట్టుకుని లాగారు. మూడోసారి చేతి ఆనిక ఒకటి ఊడి వచ్చేసరికి, పోనిమ్మని వెళ్ళిపోయారు. పొడి నేల అని రెండుసార్లు రాసిన ఆ పల్లం నడుమ, గొడుగు లేకుండా, ఒక్క చేత్తో, ఆఫీసరు కదిలిన వైపుకే కాస్త ఒరిగి, తెల్ల ప్లాస్టిక్ కుర్చీ కూర్చునే పలక దాకా దిగబడి ఉంది.